ఒక్కని కొరకు తెరచిన ద్వారం

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లి సూర్యదేవాలయానికి రథసప్తమినాడు జనం వెల్లువగా వస్తారు. నేత్రవ్యాధులను, చర్మవ్యాధులను పోగొట్టే దేవుడని ఆ స్వామికి ఈ ప్రాంతంలో తరతరాల ప్రసిద్ధి ఉన్నది. చూపు మసకబారిన వృద్ధులూ, బిడ్డ కన్నులకు వెలుగు ప్రసాదించమని మొక్కుకొనే తల్లులూ ఆ జనంలో కనబడతారు. ఇక పుణ్యక్షేత్రాల వాకిళ్లలోనూ, పాసెంజరు రైళ్లలోనూ చిరపరిచితమైన దృశ్యం మరొకటి ఉన్నది. చూపు లేని మనిషి ఒక చేత సత్తుగిన్నె పట్టుకొని పాడుతూ ఉంటాడు. కొందరు నాణెం వేస్తారు. కొందరు ముఖం తిప్పుకొంటారు. ఆ గొంతులో శ్రుతి ఉన్నదా, తాళం ఉన్నదా అని చెవియొగ్గి వినేవారు తక్కువ. ఆ మనిషికి సంగీతం ఎవరైనా నేర్పినారా, నేర్పి ఉంటే ఎంతటివాడయ్యేవాడు అని ఆలోచించేవారు మరీ తక్కువ.

ఈ ఆలోచన నూరేండ్లకు పూర్వమే ఈ ప్రాంతంలో ఒకచోట పుట్టినది. పుట్టి ఊరకపోలేదు, ఒక విద్యాలయంగా రూపు కట్టినది. విజయనగరంలోని మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల పేరు విననివారు ఆంధ్రదేశంలో అరుదు. ఐతే, ఆ కళాశాల ఆవిర్భావానికి ఒక అంధుని విద్య కారణమైనదని ఎరిగినవారు మాత్రం ఎక్కువమంది లేరు. వికలాంగులకు కళలలో స్థానం కల్పించడాన్ని గురించి దేశదేశాలలో నేడు చర్చ జరుగుతున్నది. శాసనాలు వచ్చినవి, న్యాయస్థానాలు తీర్పులు చెప్పినవి. ఇట్టి సమయంలో ఈ కళాశాల కథను మరల తిరుగవేయడం వట్టి చరిత్ర స్మరణ కాదు. వర్తమాన సమస్యకు అందులో ఒక సమాధానమూ, ఒక హెచ్చరికా కూడా ఉన్నవి.

1919 ఫిబ్రవరిలో మహారాజా విజయరామ గజపతిరాజు విజయనగరంలో ఒక గానపాఠశాలను నెలకొల్పినారు. దాని పుట్టుకను గురించి పెద్దలు చెప్పుకొనే కథ చిన్నది. సంస్థానంలో చాగంటి జోగారావు గారని ఒకరు ఉండేవారు. వారి కుమారుడు అంధుడు. సంగీతమంటే ఆసక్తి గలవాడు. ఆ కుమారునికి సంగీతవిద్య ఎట్లు అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఒక్కనికి మాత్రం ఏర్పాటు చేసి విరమించక, అటువంటి ఆసక్తి గల మరెందరికో ఉపయోగపడేటట్లు పాఠశాలనే పెట్టడం మేలని రాజు తలచినారట. దక్షిణదేశంలో తొలినాటి సంగీత కళాశాలలలో ఒకటిగా పేరొందిన సంస్థకు బీజం ఇది.

ఆ సందర్భంలో రాజు ముందు మూడు మార్గాలు ఉన్నవి. జాలిపడి ఏదైనా భరణం ఏర్పాటు చేయడం ఒకటి, ఇది దానం. ఇంటికి గురువును పంపి ఆ ఒక్కనికి చదువు చెప్పించడం రెండవది, ఇది అనుగ్రహం. నలుగురూ చదువుకొనే పాఠశాల పెట్టి, ఆ నలుగురిలో అతనినీ ఒకనిగా కూర్చుండబెట్టడం మూడవది, ఇది విద్య. మొదటి రెండు మార్గాలలో ఏది పట్టినా ఆ కథ ఆ ఇంటితో ముగిసి ఉండేది. మూడవదానిని పట్టినందువలన అది నూరేండ్లు నడిచినది. 2019 నాటికి ఆ విద్యాలయానికి శతవర్షాలు నిండినవి.

పాఠశాల పెట్టడం ఒక యెత్తు. దానికి తగిన ఆచార్యుని తేవడం ఒక యెత్తు. ప్రథమాధ్యక్షులుగా హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు వచ్చినారు. 1864లో అజ్జాడలో జన్మించిన ఆ మహానుభావుడు కవి, గాయకుడు, నర్తకుడు, బహుభాషావేత్త. పుస్తకం చేతబట్టి పాఠం చెప్పే బడిపంతులు కాడాయన. ఆనాటి సంగీత శిక్షణ అంతా గురుముఖతః సాగేది. గురువు పాడేవాడు, శిష్యుడు విని పాడేవాడు. తప్పితే గురువు సరిదిద్దేవాడు. సంగీతంలో స్వరస్థానానికి ఆధారమైన నాదాన్నీ, గురువునుండి విని నేర్చిన వేదాన్నీ మన పూర్వులు ‘శ్రుతి’ అనే ఒక్క పేరుతోనే పిలిచినారు. వినుటయే విద్య అయినచోట చూపులేమి అడ్డు రాదు. సరళీవరుసలు మొదలుకొని కీర్తనల వరకు చూపున్న విద్యార్థి ఎట్లు నేర్చునో, చూపులేని విద్యార్థీ అట్లే నేర్చును. కనుక ఆ పాఠశాలలో అంధునికై ప్రత్యేకమైన తరగతి అక్కరలేకపోయినది. బోధనా పద్ధతిలోనే అతనికి చోటున్నది.

ఇందుకు మరొక నిదర్శనం ఆ పాఠశాలకు వయొలిన్ ఆచార్యులుగా వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1893లో జన్మించిన నాయుడు గారికి చిన్ననాటి నుండి దృష్టిమాంద్యం ఉండేది. ఆ కారణాన బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్య గారు తమ్మునికి వయొలిన్ నేర్పినారు. విజయనగరంలో గానపాఠశాల తెరచినారని విని ఆ యువకుడు విద్యార్థిగా చేరుటకు వెళ్లగా, వాద్యం విన్న పెద్దలు అతనిని విద్యార్థిగా గాక అధ్యాపకునిగా నియమించినారని సంగీతలోకంలో ప్రసిద్ధమైన కథ. అప్పటికి ఆయన వయస్సు 26 ఏండ్లకు మించదు. 1936లో నారాయణదాసు గారి తరువాత ఆయనే అధ్యక్షులైనారు. 1941లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమూ, 1957లో పద్మశ్రీ పురస్కారమూ ఆయనను వరించినవి. గాత్రానికి ప్రక్కవాద్యంగా ఉండిన వయొలిన్‌కు తనంతట తానుగా కచేరీ చేయగల గౌరవం కలిగించినవారిలో ఆయన అగ్రగణ్యులు.

ఇక్కడ ఆలోచించదగిన విషయం ఒకటి ఉన్నది. ఒక బడి నాయుడు గారికి కన్నులు చాలవని తలుపు మూసినది. మరొక బడి ఆయన చేతులలో ఏమున్నదో చూచి తలుపు తెరచినది. మనిషి ఒక్కడే, మారినది బడి. వైకల్యం మనిషి శరీరంలో కొంత ఉంటే, అతని ముందున్న ఏర్పాటులో మరికొంత ఉంటుందని ఇటీవలి పండితులు చెబుతున్నారు. ఈ సిద్ధాంతాన్ని పుస్తకాలలో చదువక పూర్వమే విజయనగరం ఆచరణలో చూపినది.

ఆ తరువాత ఆ సంస్థ పెరిగిన తీరు గమనించదగినది. ఒక అంధుని కొరకు తెరచిన తలుపు లోపలికి మరెవరెవరో వచ్చినారు. కృష్ణాజిల్లా నుండి ఘంటసాల వేంకటేశ్వరరావు అనే పేదబాలుడు వచ్చినాడు. చేతిలో డబ్బు లేదు. ఇంటింటా మధుకరం ఎత్తుకొని కడుపు నింపుకొన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ బాలుని చేరదీసి విద్య చెప్పినారు. సంగీత కళానిధి నేదునూరి కృష్ణమూర్తి గారు అక్కడ విద్యార్థి. విజయనగరంలోనే 1935లో జన్మించిన పి. సుశీల గారు అక్కడనే సంగీతం అభ్యసించినారు. తెలుగువారి ఇంటింటా వినిపించిన కంఠాలు ఇవి. ఒక్కని అవసరానికై ఆలోచించి కట్టిన ఇల్లు ఒక జాతి అంతటికీ గానశాల అయినది.

నేటి వాస్తుశిల్పులు దీనికి సమానమైన ఉదాహరణ ఒకటి చెబుతారు. చక్రాలకుర్చీలో వచ్చేవాని కొరకు మెట్ల ప్రక్కన వాలుదారి కట్టితే, దానిమీద ముసలివారు నడుస్తారు, తల్లులు పిల్లలబండ్లు తోస్తారు, కూలివాడు బరువు దొర్లిస్తాడు. బలహీనుని కొరకు చేసిన ఏర్పాటు బలవంతునికి అడ్డు కాదు. బలవంతుని కొరకే చేసిన ఏర్పాటు మాత్రం బలహీనునికి గోడ అవుతుంది. విజయనగర సంగీత కళాశాల అటువంటి వాలుదారి.

ఐతే ఈ పెంపులోనే ఒక మరపు కూడా చోటుచేసుకొన్నది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టంతో జమీందారీలు అంతరించినవి. రాజులు పెట్టిన పాఠశాల ప్రభుత్వ కళాశాల అయినది. నృత్యశాఖ వచ్చినది. సర్టిఫికెట్టులు, డిప్లొమాలు, వాటికి శాస్త్రభాగంలో లిఖితపరీక్షలు వచ్చినవి. ఇవన్నీ కావలసినవే. కాని సంస్థకు మూలమైన ఆ అంధుని ముచ్చట క్రమంగా వార్షికోత్సవాలలో చెప్పుకొనే పిట్టకథగా మిగిలినది. దాని వెనుకనున్న సూత్రం, అనగా అవయవలోపం గలవాడు కళకు అతిథి కాడు, ఇంటివాడన్న సూత్రం, కళావిద్యా వ్యవస్థలో ఎక్కడా నియమంగా స్థిరపడలేదు. ఇది ఏ ఒక్క కళాశాల దోషమూ కాదు. దేశమంతటా కళాశిక్షణాలయాలన్నింటికీ వర్తించే మాట.

ఇందుకు భిన్నంగా పెరిగిన సంస్థ ఒకటి పొరుగున ఉన్న కర్ణాటకలో గలదు. గదగు పట్టణంలోని వీరేశ్వర పుణ్యాశ్రమం అది. 1892లో జన్మించిన పంచాక్షరి గవాయి గారు అంధులు. హిందుస్థానీ, కర్ణాటక సంగీతాలు రెండింటిలోనూ నిష్ణాతులు. అంధబాలురకూ, పేదబాలురకూ కులభేదం లేక అన్నం పెట్టి సంగీతం నేర్పడం ఆయన వ్రతం. 1944లో ఆయన గతించిన తరువాత శిష్యులైన పుట్టరాజ గవాయి గారు ఆ భారం వహించినారు. ఆయనా శైశవం నుండి అంధులే. నాటకాలు వ్రాసి, నాటకసమాజం నడిపి, ఆ రాబడితో ఆశ్రమాన్ని పోషించినారు. 2010లో పద్మభూషణ పురస్కారం పొంది, ఆ సంవత్సరమే పరమపదించినారు. విజయనగరంలో చూపున్న రాజు అంధునికి తలుపు తెరచినాడు. గదగులో అంధుడే ఇంటి యజమాని అయి తలుపు తెరచినాడు. మొదటిదానిలో అందరితో కలిసి చదివే లాభం ఉన్నది. రెండవదానిలో మూలోద్దేశం మరుగున పడని లాభం ఉన్నది. ఈ రెండు లాభాలనూ కలిపి సాధించడమెట్లు అన్నదే నేటి ప్రశ్న.

ప్రపంచ చరిత్రలో ఈ ప్రశ్నకు పెక్కు ప్రయత్నాలు కనబడతాయి. జపానులో బీవా వాయిస్తూ వీరగాథలు పాడే అంధులు మధ్యయుగంలోనే తమకొక శ్రేణిని ఏర్పరచుకొన్నారు. శతాబ్దాల పాటు సాగిన ఆ వ్యవస్థ 1871లో ప్రభుత్వాజ్ఞతో రద్దయినది. పారిస్ నగరంలో వాలెంటిన్ హ్యూయీ 1785లో అంధబాలుర పాఠశాల పెట్టినాడు. అక్కడి విద్యార్థి లూయీ బ్రెయిల్ 1829లో ప్రకటించిన చుక్కల లిపి అక్షరాలకు మాత్రమే గాక సంగీతానికీ ఉద్దేశించినది. ఆయన స్వయంగా చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు. అంధులకు చదువు చెప్పే లిపి ఒక సంగీతజ్ఞుని చేతిలో పుట్టినదన్న సంగతి విద్యార్థులు జ్ఞాపకముంచుకోదగినది. మన దేశంలో 1951లో భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా భారతీ బ్రెయిల్ అమలులోనికి వచ్చినది.

అయినను, అంధునికి సంగీతమే గతి అని నిర్ణయించడం మరొకరకమైన బంధనమని గ్రహించవలె. కళ ఒక ద్వారం కావలెనే గాని బోను కారాదు. చూపులేని ప్రతివాడూ పాడవలెనని లేదు. చూపున్న ప్రతివాడూ చిత్రకారుడు కానట్లే. ఇష్టమూ, శక్తీ ఉన్నవానికి దారి ఉండవలె. అంతే కావలసినది.

అంధుల సంగతి ఇట్లుండగా, వినికిడి లేనివారి మాట ఏమిటి? ఈ విషయంలో మన భాషయే మనకు అడ్డు నిలుస్తున్నది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అన్న సామెతను బడిలో అర్థసహితంగా వల్లెవేయిస్తాము. గుడ్డెద్దు చేలో పడినట్లు అన్నది మరొకటి. సామెతలను నిషేధించడం వివేకం కాదు. అవి భాషలో ఉన్నవి, ఉంటాయి. కాని సామెత చెప్పినదే సత్యమని బాలుని మనస్సులో నాటకుండ చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది. స్కాట్లండు దేశపు ఎవెలిన్ గ్లెన్నీ అనే ఆమె బాల్యంలోనే వినికిడి దాదాపుగా పోగొట్టుకొన్నది. చెప్పులు విడిచి వేదికపై నిలిచి, పాదాల ద్వారా, శరీరం ద్వారా ధ్వనికంపనాలను గ్రహిస్తూ తాళవాద్యాలు వాయించి ప్రపంచఖ్యాతి గడించినది. ఆమె ముందు శంఖం ఊదితే వ్యర్థం కాదు.

అంత దూరం పోనక్కరలేదు. శ్రీకాకుళ మండలంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులు గారి ఉదాహరణ ఇంటిలోనే ఉన్నది. సవరల భాష నేర్చుకొనుటకు మన్యపు గ్రామాలలో తిరిగిన ఆయనకు మలేరియా సోకినది. దానికై వాడిన క్వినైనా మందు వలన వినికిడి దెబ్బతిన్నది. ఐనను 1931లో సవర భాషా వ్యాకరణాన్ని వెలువరించినారు. జీవితాంతం ప్రజల నోట ఆడే తెలుగు కొరకు పోరాడినారు. మాట్లాడే భాషకు మహోద్ధారకుడు వినలేని మనిషి! ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా ప్రతి పాఠశాలలోనూ జరుపుకొంటారు. చిత్రపటానికి పూలదండ వేస్తారు. ఆయన చెవుడు సంగతి బాలురకు చెప్పే ఉపన్యాసకుడు మాత్రం అరుదు. తరగతిలో చెవికి యంత్రం పెట్టుకొని వెనుకబల్లపై కూర్చున్న బాలునికి ఆ ఒక్క మాట ఎంత బలమిచ్చునో ఊహించవచ్చును.

నృత్యం విషయానికి వస్తే, శాస్త్రమే వినికిడి లేనివారికి అనుకూలంగా ఉన్నది. భరతముని చెప్పిన చతుర్విధాభినయాలలో వాచికం ఒక్కటే మాటకు సంబంధించినది. ఆంగికం, ఆహార్యం, సాత్త్వికం చూపునకు అందేవి. చేతులతో, కన్నులతో, ముఖంతో అర్థం చెప్పే హస్తముద్రల విద్య, చేతులతో మాట్లాడే బధిరుల సంజ్ఞాభాషకు పరాయిది కాదు. తాళాన్ని నేలపై కంపనంగానూ, గురువు చేతి లెక్కగానూ గ్రహించి నర్తించే బధిర నర్తకులు దేశంలో ఉన్నారు. సంగీతంలో అంధునికి చోటున్నట్లే నాట్యంలో బధిరునికి చోటున్నది. సంగీతమూ నృత్యమూ ఒకే కప్పు క్రింద ఉన్న విజయనగర కళాశాలవంటి సంస్థకు ఇది సహజంగా అందివచ్చిన అవకాశం.

సాహిత్యం, చలనచిత్రం ఈ విషయంలో చేసిన మేలూ ఉన్నది, కీడూ ఉన్నది. అష్టావక్రుని చూచి జనకుని సభ నవ్వినదనీ, ఆ నవ్వినవారినే అతడు తన జ్ఞానంతో సిగ్గుపరచినాడనీ చెప్పే కథ మన వాఙ్మయంలోనే ఉన్నది. మంథర గూనును ఆమె దుర్బుద్ధికి గుర్తుగా చూపే వాడుక కూడా మన వాఙ్మయంలోనే ఉన్నది. చలనచిత్రాలలో నత్తివాడు, చెవిటివాడు నవ్వించుటకే పుట్టినట్లు చిత్రించడం చిరకాలపు అలవాటు. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఈ విషయమై మార్గదర్శక సూత్రాలు ప్రకటించినది. వైకల్యాన్ని అర్థం చేసుకొనుటకు తోడ్పడే హాస్యం వేరు, వికలాంగుని కించపరచే హాస్యం వేరు అని వివేచించినది. ఇక 1985లో వచ్చిన ‘మయూరి’ తెలుగు ప్రేక్షకులను కదిలించిన చిత్రం. ప్రమాదంలో కాలు పోగొట్టుకొని, జయపూరు కృత్రిమపాదంతో మరల నృత్యం చేసిన సుధాచంద్రన్ తన పాత్రను తానే ధరించినది. ఆ సాహసం ప్రశంసనీయం. కాని వ్యక్తి సాహసాన్ని కొనియాడి కన్నీరు తుడుచుకొని ఇంటికి పోవడంతో సంఘం బాధ్యత తీరదు. కాలు లేని ప్రతి బాలికా సుధాచంద్రన్ కానక్కరలేదు. నేర్చుకొనుటకు ఒక బడి మాత్రం ప్రతి బాలికకూ ఉండవలె.

ఈ దృష్టితోనే పాశ్చాత్యదేశాలలో వికలాంగ కళోద్యమం బయలుదేరినది. అమెరికాలో 1967లో బధిరుల జాతీయ నాటకశాల ఏర్పడినది. ఇంగ్లండులో 1976లో ‘షేప్’ అనే సంస్థ, 1980లో ‘గ్రాయీ’ అనే నాటకసమాజం వెలసినవి. మొదట సేవాకార్యక్రమాల రూపంలో ఉన్నవి క్రమంగా వికలాంగులే నిర్దేశకులుగా, రచయితలుగా, నటులుగా నడిచే సంస్థలుగా మారినవి. వీరి వాదంలో రెండంశాలు ముఖ్యమైనవి. కళ రోగికి ఇచ్చే మందు కాదన్నది ఒకటి. వికలాంగుని జీవితానుభవం కళకు కొత్త వస్తువునూ కొత్త రూపాన్నీ ఇస్తుందన్నది రెండవది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలోని 30వ అధికరణం ఈ భావాన్నే గ్రహించినది. వికలాంగుల సృజనశక్తిని పెంపొందించడం వారి లాభానికే గాక సమాజ సంపన్నతకు కూడా అని అందులో ఉన్నది. భారతదేశం 2007లో ఆ ఒడంబడికను స్వీకరించినది.

దాని ననుసరించి వచ్చినదే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. అది 21 విధాలైన వైకల్యాలను గుర్తించినది. ఉన్నతవిద్యలో 5 శాతం, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం స్థానాలను ప్రత్యేకించినది. అందరికీ తెలిసిన భాగం ఇంతవరకే. 29వ సెక్షను సంగతి ఎక్కువగా చర్చకు రాలేదు. వికలాంగులైన కళాకారులకూ, రచయితలకూ తోడ్పాటు ఇవ్వవలెననీ, కళలు వారికి అందేటట్లు చేయవలెననీ, సాంస్కృతిక, కళావిషయాల పాఠ్యక్రమాలను వారు పాల్గొనుటకు వీలుగా తిరిగి రూపొందించవలెననీ ఆ సెక్షను ప్రభుత్వాలను ఆదేశిస్తున్నది. 1919లో ఒక రాజు మనస్సులో మెదిలినది 2016 నాటికి దేశశాసనం అయినదన్నమాట. ఒకనాటి రాజదయ నేడు పౌరుని హక్కు. భవనాలు, సౌకర్యాలు వికలాంగులకు అందుబాటులో ఉంచడం ఐచ్ఛికం కాదు, విధి అని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసినది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు ఉన్నారు. వీరి కళాజీవితానికి నేడు లభిస్తున్న వేదిక చాలావరకు ఒక్కనాటిది. ఏటా డిసెంబరు 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవంనాడు సభ జరుగుతుంది, పిల్లలు పాడుతారు, ఆడుతారు, బహుమతులు పంచుతారు. మరునాడు వేదిక విప్పుతారు. 2022 నుండి కేంద్రప్రభుత్వం నగరాలలో దివ్యకళామేళాలు నిర్వహిస్తున్నది. చేతిపనులకు అమ్మకం, కళాకారులకు ప్రదర్శన లభిస్తున్నవి. ఇవి మంచివే. కాని ప్రదర్శన పంట, శిక్షణ సేద్యం. సేద్యం లేని పంట ఎన్నాళ్లు?

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. కళ కూడుపెట్టునా, ముందు ఉపాధి చూడవలదా అని కొందరంటారు. ఈ మాటలో నిజమున్నది. పింఛను, ఉద్యోగం, వైద్యం, ప్రయాణసౌకర్యం లేనివానికి రాగాలాపన ఉపదేశించడం క్రూరం. కాని సంగీతం నేర్చినవానికి ఉపాధ్యాయవృత్తి ఉన్నది, ఆకాశవాణి ఉన్నది, వాద్యబృందాలు ఉన్నవి. ద్వారం వారి జీవనం వయొలిన్‌తోనే గడిచినది. పైగా తిండి గింజలతోనే మనిషి బ్రతకడన్న మాట చూపున్నవారికి ఎంత నిజమో, లేనివారికీ అంతే నిజం. రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. జాలితో చోటిస్తే కళాప్రమాణాలు దిగజారవా అన్నది. దీనికి విజయనగర చరిత్రయే సమాధానం. ద్వారం వారి కచేరీలకు జనం జాలితో వెళ్లలేదు. నాదం కొరకు వెళ్లినారు. ప్రవేశద్వారం విశాలం చేయమని అడగడం పరీక్షను తేలిక చేయమని అడగడం కాదు. శాస్త్రభాగం ప్రశ్నపత్రాన్ని చుక్కల లిపిలో ఇచ్చినంతమాత్రాన మేళకర్తల సంఖ్య 72 నుండి తగ్గదు.

చేయవలసిన పనులు కొండంతవి కావు. సంగీత, నృత్య కళాశాలలు తమ పాఠ్యక్రమాలను 29వ సెక్షను దృష్టితో ఒక్కసారి పరిశీలించవచ్చును. స్వరపరచిన కీర్తనలు చుక్కల లిపిలోనూ, ధ్వనిముద్రికల రూపంలోనూ సిద్ధం చేయవచ్చును. నృత్యశాఖకు సంజ్ఞాభాష తెలిసినవారిని ఒకరిని తోడివ్వవచ్చును. చక్రాలకుర్చీ పైకెక్కే వేదికను కట్టవచ్చును. మండలాలలో వికలాంగబాలుర కొరకు నడుస్తున్న భవితకేంద్రాలకు వారమున కొకనాడు సంగీతోపాధ్యాయుని పంపవచ్చును. అన్నింటికంటె ముఖ్యంగా, ఇట్టి ఏర్పాట్లను గురించి ఆలోచించే సంఘాలలో వికలాంగులైన కళాకారులను కూర్చుండబెట్టవలె. గదగు నేర్పే పాఠం ఇదే.

పాఠశాలలో చేయదగిన పని మరింత సులభం. వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నప్పుడు కాలు సరిలేని బాలుని, పాపం నీకెందుకులే అని కూర్చుండబెట్టడం మనలో చాలామంది ఉపాధ్యాయులకు అలవాటు. అది దయ అనుకొంటాము. ఆ బాలునికి అది మొదటి బహిష్కారం. వానికి పాత్ర ఇవ్వవలె; చిన్నది గాదు, వాని శక్తికి తగినది. తోటి విద్యార్థులు సహాయం చేయడం నేర్చుకొంటారు. అంతకంటె విలువైనది, వాని ప్రతిభను చూచి అసూయపడడం కూడా నేర్చుకొంటారు. జాలి కంటె అసూయ సమానత్వానికి దగ్గరి మార్గం.

ఈ యేడు కూడా రథసప్తమికి అరసవల్లిలో జనం చేరుతారు. చూపు ఇమ్మని సూర్యుని వేడుకొనేవారిని ఎవరూ కాదనరు. ఆ విశ్వాసం వారిది. కాని చూపు వచ్చేవరకు వేచియుండక, చూపులేకనే వెలుగు పొందే దారి ఒకటి ఉన్నదని అదే నేలపై విజయనగరం 1919లోనే చూపినది. గుడి వాకిట గిన్నె పట్టుకొని పాడే మనిషి గొంతు విన్నప్పుడు జేబులో నాణెం వెదకడానికి ముందు ఒక్క క్షణం ఆగి, ఆ గొంతును వినవలె. ఆ ప్రక్కనే ఎవరి చేయి పట్టుకొనో ఒక చిన్నవాడు ఉంటే, వాడు ఏ బడికి పోతున్నాడో అడుగవలె.